ఒకే దేవుడు, రెండు లెక్కలు

గుంటూరు వైపు ఏ ఊళ్ళోనైనా ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిల్లోంచి బయటికొస్తున్న పిల్లల్ని ఆపి ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. పది ఆజ్ఞల్లో తల్లిదండ్రులను సన్మానించమన్నది ఎన్నో ఆజ్ఞ? ఆర్‌సీఎం, అంటే కేథలిక్కు చర్చి పిల్ల నాలుగోది అంటుంది. లూథరన్ చర్చి పిల్లవాడూ నాలుగోదే అంటాడు. బాప్టిస్టు పిల్లవాడు మాత్రం కాదు, ఐదోది అంటాడు. ముగ్గురినీ వాళ్ళ వాళ్ళ సండే స్కూలు టీచర్లు మెచ్చుకుంటారు. యూదుల ఇంటి పిల్లవాడు అక్కడుంటే వాడూ ఐదోదే అంటాడు. అయితే వాడి లెక్క మొదలయ్యే చోటే వేరు.

ఇందులో కిటుకేమిటంటే, బైబిల్లో ఈ మాటలు పది అని ఉంది కానీ వాటికి అంకెలు వేసి లేవు. ఒకటి ఎక్కడ ముగిసింది, రెండోది ఎక్కడ మొదలైంది అన్నది చదివినవాళ్ళు తేల్చుకున్నదే. ఐగుప్తు దాస్యం నుంచి విడిపించిన దేవుణ్ణి తానేనని ఆయన తనను పరిచయం చేసుకునే మాట ఉంది చూడండి, యూదులకు మొదటిది అదే. అందులో ఇది చెయ్యమని గానీ, అది వద్దని గానీ ఏమీ లేదు. అందుకే వాళ్ళు వీటిని ఆజ్ఞలు అనరు, పది మాటలు అంటారు. వేరే దేవుళ్ళు వద్దు, దేవుడికి రూపం కట్టవద్దు అన్నవి రెండూ కలిపి వాళ్ళకు రెండో మాట. కేథలిక్కులు, లూథరన్లు ఆ రెంటినీ మొదటి ఆజ్ఞలోనే ఇమిడ్చి, పరుల సొత్తు మీద ఆశపడవద్దన్న చివరి ఆజ్ఞను రెండు చేసి పది పూర్తిచేశారు. బాప్టిస్టులు, సీఎస్‌ఐ వాళ్ళు విగ్రహాలు వద్దన్న మాటను విడదీసి దానికదే రెండో ఆజ్ఞగా నిలబెట్టారు.

దేవుడు ఒక్కడే అన్న మాట, ఆయనకు బొమ్మ చెయ్యవద్దన్న మాట, ఇవి ఒకటా, రెండా? పిల్లల లెక్క వెనక ఉన్న అసలు ప్రశ్న ఇది. యూదమతానికీ క్రైస్తవానికీ ఉన్న తగువు కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దేవుడు ఒక్కడే అన్న దాంట్లో ఇద్దరికీ పేచీ లేదు. ఆ ఒక్కడు ఎప్పుడైనా శరీరం తెచ్చుకున్నాడా అన్న దగ్గర దారులు చీలాయి. అక్కడ ఎటు తిరిగితే విగ్రహాల విషయంలోనూ అటే పోతాం.

ముందు యూదుల ఇంటికి వెళదాం. నియమంగా ఉండే యూదుడు ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి షెమా అనే ప్రార్థన చెప్పుకుంటాడు. మొదటి వాక్యం చెప్పేటప్పుడు కుడి అరచేత్తో కళ్ళు మూసుకుంటాడు. తమ దేవుడు ఒక్కడే అని సాటివాళ్ళకు చెప్పే వాక్యం అది. అందులో చివరి పదం ఎహాద్, అంటే ఒకటి. హీబ్రూలో దాని ఆఖరి అక్షరం దాలెత్. యూదుల ధర్మగ్రంథమైన తోరాను చేత్తో రాసే చుట్టలో ఈ దాలెత్‌ను పక్క అక్షరాలకంటే పెద్దగా రాస్తారు. ఎందుకో చూడండి. దాలెత్‌కు పై మూల చిన్న మొన పొడుచుకుని ఉంటుంది. ఆ మొన అరిగిపోయి మూల గుండ్రమైతే అది రేష్ అనే ఇంకో అక్షరం అవుతుంది. అప్పుడు ఎహాద్ కాస్తా అహేర్ అని చదవడానికి వీలవుతుంది. అహేర్ అంటే వేరొకడు. మన తెలుగులో ప కు పైన నోరు మూసేస్తే వ అయిపోయి, పంట వంట అయినట్టు. ఇక్కడ చిక్కేమిటంటే, ఒక్కడు అన్నది వేరొకడు అయిపోతుంది. ఈ మూల చెరిపితే లోకాన్నే పాడుచేసినట్టని యూద పండితులు హెచ్చరించారు. రెండో శతాబ్దంలో రోమన్లు యూద పండితుడు రబ్బీ అకీవాను చిత్రహింసలు పెట్టి చంపుతుంటే, ఆయన ఈ ఎహాద్ అన్న మాటనే సాగదీసి పలుకుతూ ప్రాణం విడిచాడని యూదుల గ్రంథం తల్ముద్ చెబుతుంది.

ఈ ఒక్కడికి రూపం లేదు. క్రీస్తుపూర్వం 63లో రోమన్ సేనాని పాంపే యెరూషలేమును పట్టుకుని, యూదుల ఆలయంలో అన్నిటికంటే లోపలి గదిలోకి వెళ్ళాడు. ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజే అడుగుపెట్టే గది అది. మన గుడిలో గర్భగుడి తలుపు తీస్తే మూలవిరాట్టు లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడ దేవుడి బొమ్మ ఏదీ లేదనీ, గది వట్టిదేననీ తర్వాత రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రోమన్లకు అది వింత. యూదులకు అదే అసలు సంగతి.

అలాగని యూదమతం బొమ్మ కనబడితే ఉలిక్కిపడే మతం అనుకోకండి. బైబిల్లోనే ఇత్తడి సర్పం కథ ఉంది. అరణ్యంలో పాము కాట్లతో జనం చస్తుంటే, దేవుడే మోషే చేత ఇత్తడి పామును చేయించి స్తంభానికి ఎత్తించాడు. అప్పుడది తప్పు కాలేదు. కొన్ని వందల ఏళ్ళకు జనం దానికి ధూపం వెయ్యడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఇత్తడి మారలేదు, పాము మారలేదు. దాని ముందు పొగ లేచింది, అంతే. యూద ధర్మశాస్త్రంలో విగ్రహారాధనకు వాడే మాట కూడా ఇదే చెబుతుంది. అవొదా జారా అంటారు. అంటే పరాయి సేవ. ఆ మాటలో విగ్రహం లేనే లేదు. సేవ ఎవరికి చేస్తున్నావన్నదే అక్కడ ప్రశ్న.

క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో దీని మీద ఒక సరదా ఘట్టం ఉంది. రబ్బన్ గమలీయేలు అనే పెద్ద అక్కో పట్నంలో ఒక స్నానశాలకు వెళ్ళాడు. అక్కడ గ్రీకు దేవత ఆఫ్రొడైటీ విగ్రహం ఉంది. అది చూసి ప్రొక్లోస్ అనే అన్యుడు, ఇక్కడ స్నానం చేస్తున్నావే, మీ ధర్మం ఒప్పుకుంటుందా అని నిలదీశాడు. స్నానశాలలో శాస్త్రం మాట్లాడకూడదని ఆ పెద్దమనిషి బయటికొచ్చాక జవాబిచ్చాడు. నేను ఆమె చోటికి రాలేదు, ఆమే నా చోటికి వచ్చింది అన్నాడు. ఈ స్నానశాలను దేవత కోసం కట్టలేదు, స్నానశాలకు సింగారంగా ఆమెను పెట్టారు అన్నాడు. ఎంత డబ్బిచ్చినా మీ దేవుడి ముందు మీరు బట్టల్లేకుండా నిలబడతారా, ఇక్కడ ఆమె ముందు మురికి కాలవ దగ్గర అందరూ ఏం చేస్తున్నారో చూడు అని ముగించాడు. దేవతగా చూసేచోట అది విగ్రహం, అలంకారంగా పెట్టినచోట రాయి అని ఆయన తీర్పు.

క్రైస్తవం పుట్టింది ఈ ఇంట్లోనే. ఆజ్ఞల్లో ముఖ్యమైనది ఏదని అడిగితే యేసు షెమాతోనే మొదలుపెట్టాడని మార్కు సువార్త చెబుతుంది. తొలి క్రైస్తవులు యూదులే. యూదుల్లాగే వాళ్ళూ రోమన్ దేవుళ్ళకు ధూపం వెయ్యబోమన్నారు, దాని కోసం చచ్చారు కూడా. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖలో, విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చా అన్న తగువు తీర్చాడు. మన ఊళ్ళలో పక్కింటివాళ్ళు ప్రసాదం ఇస్తే క్రైస్తవ కుటుంబాలు తీసుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడినప్పుడు పాస్టరుగారు తెరిచే పుట కూడా అదే. ఆ తగువు తీరుస్తూనే పౌలు షెమాను తిరగరాశాడని చాలామంది పండితులు అంటారు. దేవుడు ఒక్కడే అని తండ్రిని చెప్పి, ప్రభువు ఒక్కడే అని వెంటనే యేసును పక్కన నిలబెట్టాడు. యూదుడు ప్రాణం పెట్టుకున్న ఒకటి అన్న మాటలోకి ఇంకో పేరు వచ్చి చేరింది. 112 ప్రాంతంలో బిథినియా పాలకుడు ప్లినీ, ఈ క్రైస్తవులు తెల్లవారుజామున కూడి క్రీస్తును దేవుడిగా భావించి పాటలు పాడుతున్నారని రోమన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు.

ఒక్కడే అంటూ ఇద్దరికి మొక్కితే లెక్క ఎలా కుదురుతుంది? అది తేల్చుకోవడానికి క్రైస్తవులకు మూడు వందల ఏళ్ళు పట్టింది. 325లో నైసియా మహాసభ, తండ్రీ కుమారులది ఒకే తత్వమని నిర్ణయించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మ గురించీ చెప్పి దాన్ని నింపింది. మన తెలుగు చర్చిల్లో త్రియేక దేవుడు అనే మాట ఈ నిర్ణయానికి తెలుగు పేరు. ముగ్గురు దేవుళ్ళంటే క్రైస్తవానికి అది తప్పు బోధ. ఒక్కడే మూడు వేషాలు వేశాడన్నా తప్పు బోధే. ఈ రెంటి మధ్య కత్తి అంచు మీద నడవడమే త్రిత్వం.

ఈ కత్తి అంచు యూదుడికి ఎలా కనబడిందో వినాలంటే 1263లో బార్సిలోనాకు వెళ్ళాలి. ఆరగాన్ రాజు మొదటి జేమ్స్ సమక్షంలో వాదం ఏర్పాటైంది. ఒక పక్క పాబ్లో క్రిస్టియాని. ఆయన యూదుడిగా పుట్టి క్రైస్తవ సన్యాసి అయినవాడు. రెండో పక్క గెరోనా పండితుడు మోషే బెన్ నహ్మన్, లోకం ఆయన్ను నహ్మనిడీస్ అంటుంది. సభ ముగిశాక రాజు ఒక శనివారం యూదుల ప్రార్థనాలయానికే వచ్చాడు. త్రిత్వం మీద మాట సాగింది. తర్వాత నహ్మనిడీస్ తానే రాసిపెట్టిన వివరం ప్రకారం, త్రిత్వం అంటే జ్ఞానం, సంకల్పం, శక్తి అని క్రైస్తవ పక్షం చెప్పింది. దేవుడికి జ్ఞానం ఉందనీ శక్తి ఉందనీ నేనూ ఒప్పుకుంటాను, దానికి ముగ్గురెందుకు అన్నాడు ఈయన. అప్పుడు రాజు కల్పించుకుని, ద్రాక్షరసానికి రంగు, రుచి, వాసన అని మూడున్నాయి, అయినా అది ఒకటే కదా అన్నాడు. రాజు మాట మీద జవాబివ్వడమంటే మాటలా? అయినా ఇచ్చాడు. ఆ మూడూ వేర్వేరు, ఒకటి లేకుండా ఇంకోటి దొరుకుతుంది అన్నాడు. ఇలా లెక్కపెడితే దేవుడు, ఆయన జ్ఞానం, సంకల్పం, శక్తి కలిపి నాలుగవుతాయి, ఆయన జీవం కూడా కలిపితే ఐదు అవుతాయి, మూడు దగ్గరే ఎందుకు ఆగారు అని అడిగాడు. రాజు ఆయనకు డబ్బిచ్చి పంపాడు. కానీ తన వాదాన్ని రాసి బయటపెట్టినందుకు చిక్కుల్లో పడి, నహ్మనిడీస్ స్పెయిన్ వదిలి 1267లో యూదుల పవిత్రభూమికి చేరాడు.

ఇక్కడ మనకు ఒక ఆశ పుడుతుంది. దేవుడు శరీరం తెచ్చుకోవడాన్ని అవతారం అంటే సరిపోదూ అనిపిస్తుంది. తెలుగు క్రైస్తవుల్లో కొందరు నరావతారం అన్న మాట వాడతారు కూడా. కానీ మన దశావతారాల్లో దేవుడు మళ్ళీ మళ్ళీ దిగుతాడు. క్రైస్తవం చెప్పేది ఒక్కసారే జరిగిన సంగతి, ఫలానా ఊళ్ళో, ఫలానా గవర్నరు కాలంలో, ఆకలేసిన, దెబ్బ తగిలితే రక్తం కారిన ఒక మనిషిగా. యూదుడు కాదన్నదీ సరిగ్గా దాన్నే.

ఈ తేడాను కళ్ళతో చూడాలంటే సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దురా యూరోపస్ అనే శిథిల నగరం ఉంది. 1932లో అక్కడ తవ్వకాల్లో మూడో శతాబ్దపు యూద ప్రార్థనాలయం బయటపడింది. గోడల నిండా బొమ్మలు. మోషే ఉన్నాడు, ఎర్ర సముద్రం ఉంది, ఎండిన ఎముకలను బతికించే యెహెజ్కేలు ఉన్నాడు. యూదులు బొమ్మలు వెయ్యరన్న మాట ఆ రోజుతో చెదిరిపోయింది. కానీ దేవుణ్ణి చూపాల్సిన చోట చిత్రకారుడు ఏం వేశాడో తెలుసా? పైనుంచి కిందికి చాపిన ఒక చెయ్యి. అంతే. ముఖం లేదు, ఒళ్ళు లేదు. అదే ఊళ్ళో, అదే కోటగోడ వారన, కాస్త దూరంలో క్రైస్తవుల ప్రార్థనకు వాడిన ఇల్లు దొరికింది. అందులో బాప్తిస్మం తొట్టి ఉన్న గదిలో యేసు పక్షవాయువు రోగిని లేపుతున్నాడు, గొర్రెపిల్లను భుజాన మోస్తున్నాడు. నిండు మనిషి. ఒకే వీధి వెంట నడిస్తే ఒక గోడ మీద చెయ్యి, ఇంకో గోడ మీద మనిషి. ఈ ప్రసంగం మొత్తం ఆ రెండు గోడల మధ్య ఉంది.

ఎనిమిదో శతాబ్దంలో ఈ గోడ మీది మనిషి గురించే క్రైస్తవుల ఇంట్లో యుద్ధం వచ్చింది. బైజాంటైన్ చక్రవర్తి మూడో లియో పటాలను తీయించడం మొదలుపెట్టాడు. బొమ్మల పక్షాన గట్టిగా వాదించినవాడు డమాస్కస్ యోహాను. శరీరం లేని దేవుణ్ణి బొమ్మ గియ్యలేమని ఆయనా ఒప్పుకున్నాడు. కానీ ఆ దేవుడు శరీరంతో వచ్చి మనుషులకు కనబడ్డాడు, కనబడినదాన్ని గియ్యవచ్చు అన్నాడు. చూశారా, త్రిత్వానికీ విగ్రహానికీ ముడి ఎక్కడ పడిందో. శరీరధారణను ఒప్పుకున్నవాడికి పటం వద్దనడానికి కారణం సన్నబడిపోతుంది. 787లో రెండో నైసియా సభ పటాలను నిలబెడుతూ ఒక గీత గీసింది. పటానికి నమస్కారం, గౌరవం ఉండవచ్చు, ఆరాధన దేవుడికి మాత్రమే. ఇప్పటికీ ఫిబ్రవరి తిరునాళ్ళకు విజయవాడ గుణదల కొండెక్కి మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగించేవారిని అడిగితే, ఆ గీతనే తమ మాటల్లో చెబుతారు. మాతను వేడుకుంటాం, ఆరాధించేది దేవుణ్ణే అంటారు.

గీత మీద నమ్మకం లేని క్రైస్తవులూ ఉన్నారు. మత సంస్కరణ రోజుల్లో, 1524లో, జూరిచ్ చర్చిల్లోంచి బొమ్మలన్నీ తీసేశారు. మన బాప్టిస్టు చర్చిల్లో వట్టి సిలువ, తెల్ల గోడ కనబడేది ఆ వారసత్వమే. విగ్రహాల విషయంలో వాళ్ళు యూదుడి పక్కన నిలబడ్డారు, త్రిత్వం విషయంలో కేథలిక్కు పక్కన. ఆర్థడాక్స్ వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. లెక్కలో విగ్రహాలు వద్దన్నదాన్ని రెండో ఆజ్ఞగా విడదీశారు, చర్చి గోడల నిండా పటాలు పెట్టుకున్నారు.

మరి యూద ధర్మశాస్త్రం దృష్టిలో క్రైస్తవుడు విగ్రహారాధకుడా? ఒక్క జవాబు లేదు. పన్నెండో శతాబ్దంలో ముస్లింల ఏలుబడిలో కైరోలో బతికిన యూద పండితుడు మైమొనిడీస్ అవునన్నాడు. ముస్లింలు కాదన్నాడు, వాళ్ళది కల్తీ లేని ఏకత్వం అని. క్రైస్తవుల మధ్య బతికిన యూరప్ పండితులకు ఈ తీర్పుతో పూట గడవదు. ఎందుకంటే విగ్రహారాధకుల పండగకు మూడు రోజుల ముందు నుంచి వాళ్ళతో బేరసారాలు కూడదని మిష్నా నియమం. పండగ తర్వాత మూడు రోజులూ కూడదన్న మాటా ఉంది. క్రైస్తవుడికి ప్రతి ఆదివారం పండగే. ముందు మూడు, వెనక మూడు కలిపితే వారమంతా దుకాణం మూసుకోవాలి. అవసరం ఉన్నచోట ఆలోచన లోతుకు పోతుంది. దేవుడికి భాగస్వామిని కలిపి కొలవడం యూదుడికి నిషేధం, యూదేతరులకు కాదు అనే వాదం అక్కడి ఫ్రెంచి పండితుల మాటల నుంచి తర్వాత పెరిగింది. పదమూడో శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్సు పండితుడు మెనాహెం మెయిరీ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ధర్మానికి కట్టుబడి నడిచే జనాలను పాత విగ్రహారాధకుల జాబితాలో కలపకూడదన్నాడు. 1965లో వాటికన్ సభ యూదుల మీద పాత నిందలను వదులుకుంది. 2000లో అమెరికాలో చాలామంది యూద పండితులు, రబ్బీలు సంతకం చేసిన ఒక ప్రకటన, యూదులూ క్రైస్తవులూ ఒకే దేవుణ్ణి ఆరాధిస్తారని చెప్పింది. దాన్ని ఒప్పుకోని యూద పండితులూ అప్పుడే గొంతెత్తారు. గమలీయేలు స్నానశాల తర్కం ఇంకా నడుస్తూనే ఉంది.

క్రైస్తవం నుంచి యూదమతం వైపు నడిచిన దారి తెలుగు నేల మీద కూడా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. వాళ్ళ ఇళ్ళల్లో బాప్టిస్టు చర్చికి వెళ్ళిన తరం ఉంది. తర్వాత, తమది ఇశ్రాయేలు సంతతి అని చెప్పుకుంటూ ప్రార్థనాలయం కట్టుకుని, శనివారం సబ్బాతు పాటిస్తూ, హీబ్రూ అక్షరాలు దిద్దారు. తెల్ల గోడల చర్చి నుంచి వచ్చినవాళ్ళకు గోడ మీంచి తీయాల్సిన బొమ్మలు లేవు. వాళ్ళు వదులుకోవాల్సి వచ్చింది లెక్కను. త్రియేకుడు అన్నచోట ఎహాద్ అనుకోవాలి. దాలెత్ మూల గుండ్రం కాకుండా దిద్దుకోవాలి.

దురా నగరానికి ఒక్కసారి తిరిగి వెళ్ళి సెలవు తీసుకుంటాను. 256 ప్రాంతంలో పర్షియన్ల దండు మీదికొస్తోందని రోమన్ సైనికులు కోటగోడను బలపరచడానికి దాని వెంబడి ఉన్న ఇళ్ళను మట్టితో పూడ్చేశారు. చెయ్యి గీసిన గోడ, మనిషిని గీసిన గోడ ఒకే మట్టికట్ట కింద పడ్డాయి. ఊరు పడిపోయింది, గోడలు మిగిలాయి. ఇప్పుడు యూదుల గోడలు డమాస్కస్ మ్యూజియంలో, క్రైస్తవుల గోడలు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అందరూ ఒకే దేవుడనే అంటున్నారని ఎవరైనా తేల్చేసినా, ఫలానావాళ్ళది విగ్రహారాధన అని ఎవరైనా వేలు చూపినా, ఒక్క మాట అడిగి చూడండి. ఆ గోడ మీద చెయ్యి చాలా, మనిషి కావాలా? జవాబు వచ్చాక, తల్లిదండ్రులను సన్మానించమన్నది ఎన్నో ఆజ్ఞో కూడా అడగండి. ఆ పిల్లలు ముగ్గురూ పదిదాకానే లెక్కపెట్టారు. గీతలే ఎవరి చోట వాళ్ళు గీసుకున్నారు.